మూడు తీగల మాట

పలకని వస్తువును పాడైపోయిన వస్తువుగా భావించడం మానవసహజం. గోడ గడియారం టిక్కుమనడం మానితే మూలకు చేరుతుంది. రేడియో గొంతు ఆగిపోతే పాతసామాను బండి ఎక్కుతుంది. తరగతిలో ప్రశ్నకు బదులు చెప్పని విద్యార్థికి పాఠం రాలేదని మేమందరమూ క్షణంలో తీర్పు చెప్పివేస్తాము. కాని పలుకు లేకపోవడం వేరు, ప్రాణం లేకపోవడం వేరు. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరం ఎంతటిదో ఈ విద్యాసంవత్సరంలో అరచేతిలో ఇమిడిపోయే ఒక చిన్న బోర్డు మాకు బోధించింది. ఆ పాఠాన్ని పాఠకులతో, విశేషించి మా విద్యార్థినీ విద్యార్థులతో పంచుకోవడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

మేము తెలుగు సాహిత్యం చెప్పుకొనేవారము. యతిప్రాసలతో ఉన్నంత పరిచయం మాకు యంత్రాలతో లేదు. అయినా ఈ వ్యవహారంలో మాకు ప్రవేశం కలగడానికి కారణమున్నది. ఎలక్ట్రానిక్స్ శాఖలో చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని తాను తయారు చేసిన పరికరానికి తెలుగులో ఒక సూచనల పత్రం వ్రాసిపెట్టమని మమ్ములను అడిగింది. ఆ పరికరాన్ని నిత్యం కనిపెట్టి ఉండవలసినవారు ఆమె తండ్రిగారు. ఆయన కృత్తివెన్ను ప్రాంతంలో రెండు రొయ్యల చెరువులను కౌలుకు తీసుకొని సాగు చేస్తున్నారు. వారింట మాట్లాడుకొనేది ఉర్దూ. ఆయన చదువగలిగినది తెలుగు. యంత్రం పలికేది ఇంగ్లీషు. ఈ మూడింటికీ వంతెన వేయడమే మాకు అప్పగించిన పని. తీరా కలం పట్టుకొనేసరికి యంత్రమే మూగబోయినదన్న వార్త వచ్చింది.

ఆ పరికరం అవసరమేమిటో ముందు చెప్పవలసి ఉన్నది. చెరువు నీటిలో కరిగివున్న ప్రాణవాయువే రొయ్యకు ఊపిరి. పగటివేళ నీటిలోని సూక్ష్మమైన నాచు ఎండను గ్రహించి ప్రాణవాయువును విడుదల చేస్తుంది. చీకటి పడిన తరువాత ఆ ఉత్పత్తి ఆగిపోతుంది. నాచూ, రొయ్యలూ, అడుగునున్న సూక్ష్మజీవులూ అన్నీ కలిసి ఉన్నదానిని ఖర్చు చేస్తూ ఉంటాయి. అందువలన తెల్లవారబోయే ముందు గడియలలో నీటిలోని ప్రాణవాయువు అత్యల్ప స్థాయికి దిగిపోతుంది. ఆ వేళకు ఏరియేటర్లు తిరగకపోతే నెలల కష్టం ఒక్క ఉదయంతో నీటిపాలవుతుంది. మా విద్యార్థిని పరికరం ఆ వాయువు లెక్కను రాత్రంతా కొలుస్తూ, హద్దు దాటి తగ్గితే తండ్రిని ఫోను ద్వారా నిద్రలేపుతుంది. కాబట్టి అది మూగబోవడమంటే ఒక కుటుంబానికి రాత్రి నిద్ర పోవడమని అర్థం.

పరికరానికి గుండెకాయ బీగిల్‌బోన్ బ్లాక్ అనే బోర్డు. 2013లో వెలువడిన ఈ బోర్డు ఒక సంపూర్ణమైన కంప్యూటరే. 512 మెగాబైట్ల మెమరీ, తనలోనే అతికించిన నిల్వ, నడిపించడానికి లినక్స్. ఇంత సరంజామా ఉన్నా దానికి తెరలేదు, కీబోర్డు లేదు. నోరూ చెవీ లేని పండితునివలె తన పని తాను చేసుకొంటూ పోతుంది. మార్గాలలో కూడళ్ళవద్ద, ఇళ్ళలో ఇంటర్నెట్ పెట్టెలలో, ఆసుపత్రి యంత్రాలలో ఇటువంటి కంప్యూటర్లే మనకు కనపడకుండా పనిచేస్తున్నాయి. పనిచేసినంత కాలం వాటిని ఎవ్వరూ పలకరించరు.

జరిగినదేమనగా, చెరువు గట్టున కరెంటు పోయి వచ్చిన కొన్ని రాత్రులలో ఆ బోర్డు తిరిగి లేచేది కాదు. కొన్ని రాత్రులు లేచేది. ఎందుకు లేచేదో, ఎందుకు లేవదో అంతుపట్టలేదు. ఆ అమ్మాయి పట్టుదలతో బోర్డులోని లినక్స్ నంతటినీ చెరిపి క్రొత్తది ఎక్కించబోయింది. ఎక్కించడం సగంలో ఉండగా మరల కరెంటు పోయింది. అంతటితో బోర్డు పూర్తిగా మౌనం వహించింది. ఒక దుకాణంవారికి చూపితే తిప్పి చూచి, "ఇది పోయిందమ్మా, కొత్తది కొనుక్కో" అన్నారట.

ఎలక్ట్రానిక్స్ శాఖలోని మా మిత్రులు మాత్రం ఆ తీర్పును అంగీకరించలేదు. "పోయిందని ఎవరు చెప్పారు? దాన్ని అడిగారా?" అన్నారు. ఆ ప్రశ్న మమ్ములను ఆకర్షించింది. యంత్రాన్ని అడగడమెట్లు? దానికి ఆయన చూపిన మార్గం బోర్డు అంచున వరుసగా నిలిచిన ఆరు సన్నని సూదులు. దానినే సీరియల్ కన్సోల్ అంటారు. ఆ ఆరింటిలో మూడు చాలును. ఒకటి భూమి తీగ, ఇరువురికీ ఉమ్మడి ఆధారం. రెండవది బోర్డు మాట్లాడే తీగ. మూడవది బోర్డు వినే తీగ. వీటిని ఒక చిన్న యూ.ఎస్.బి. మార్పిడి పరికరం ద్వారా మన కంప్యూటరుకు కలిపితే బోర్డుకు నోరూ చెవీ ఏర్పడతాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నవి. మొదటిది: ఒకరి నోరు మరొకరి చెవికి చేరవలె. పంపే తీగను పంపే తీగకే కలిపితే ఇద్దరూ మాట్లాడతారు, ఎవ్వరూ వినరు. మన సభలలో కొన్ని ఇట్లే జరుగుతూ ఉంటాయి. రెండవది మరింత ముఖ్యం. ఈ బోర్డు సూదులు 3.3 వోల్టుల భాషకు అలవాటుపడినవి. పాత కంప్యూటర్ల వెనుక ఉండే సీరియల్ ద్వారం ఆర్.ఎస్. 232 అనే 1960 నాటి ప్రమాణానికి చెందినది. అందులో ధన, ఋణ దిశలలో 15 వోల్టుల వరకు సంచరించవచ్చును. దానిని నేరుగా ఈ సూదికి తగిలిస్తే పలకరింపే ప్రాణాంతకమవుతుంది. చెవిలో మెల్లగా చెప్పవలసిన మాటను లౌడు స్పీకరు పెట్టి అరచినట్లవుతుంది.

తీగలు సరిగా కలిపి కరెంటు ఇవ్వగానే తెరపై ఏవో గీతలు, ప్రశ్నార్థకాలు, విరిగిన గుర్తులు కుప్పపోసినట్లు పడ్డాయి. చూచేవారికి యంత్రానికి సంధి పుట్టినదనిపించే దృశ్యమది. మా మిత్రుల ముఖం మాత్రం వికసించింది. "మాట్లాడుతోంది. మనకే వినడం రావడం లేదు" అన్నారు. వినే కంప్యూటరు సెకనుకు 9,600 బిట్ల వేగానికి అమర్చి ఉన్నది. బోర్డు 1,15,200 బిట్ల వేగంతో, అంటే సరిగ్గా పన్నెండు రెట్లు వేగంగా పలుకుతున్నది. ఇంత వేగంలో ఒక్కొక్క బిట్టు సెకనులో పదిలక్షల వంతుల లెక్కన సుమారు 8.7 వంతులు మాత్రమే నిలుస్తుంది. ప్రతి అక్షరానికీ ముందొక ఆరంభపు బిట్టు, నడుమ ఎనిమిది బిట్లు, చివర ఒక ముగింపు బిట్టు, మొత్తం పది. కాబట్టి సెకనుకు 11,520 అక్షరాలు. వినేవాని తాళం పలికేవాని తాళంతో కలవకపోతే శ్రుతి తప్పిన పాటవలె అర్థమంతా చెదిరిపోతుంది.

ఇందులో మమ్ములను ముగ్ధులను చేసిన చిన్న విశేషమొకటున్నది. ఎనిమిది బిట్లను మనం కాగితంపై సంఖ్యగా వ్రాసుకొంటే, తీగ మీద ముందుగా బయలుదేరేది కుడిచివరి బిట్టు. అక్కడినుండి ఎడమకు నడుస్తుంది. మా కళాశాల పత్రికకు ఒక వైపు తెలుగు, మరొక వైపు ఉర్దూ. ఎడమనుండి చదువవలసిన అక్షరం కూడా తీగలోనికి వచ్చేసరికి ఉర్దూ వ్రాతవలె కుడినుండి నడవడం చూచి మా ఉర్దూ శాఖవారు ఎంతో ఆనందించారు.

ఈ తీగల వంశవృక్షం కూడా తెలుసుకోదగినదే. వేగాన్ని చెప్పడానికి వాడే బాడ్ అనే మాట ఎమిల్ బోదో అనే ఫ్రెంచి తంతి ఇంజనీరు (1845-1903) పేరునుండి వచ్చింది. లినక్స్ ఈ ద్వారానికి పెట్టుకొన్న టి.టి.వై. అనే పేరు టెలిటైపు యంత్రానికి సంక్షిప్త రూపం. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసిపోయింది. టెలిటైపులు అంతకు ముందే కనుమరుగైనవి. కాని వాటి పలుకుబడి మాత్రం చెరువు గట్టున ఉన్న ఈ చిన్న బోర్డులో ఇంకా బ్రతికే ఉన్నది. పదాలు వస్తువులకన్న దీర్ఘాయువులని భాషాశాస్త్ర పాఠంలో మేము చెప్పే మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

వేగం సరిచేయగానే తెర శుభ్రపడింది. శుభ్రమైన తెరపై ఒకే ఒక ఇంగ్లీషు అక్షరం ప్రత్యక్షమైంది: సి. కొంతసేపటికి మరొక సి. ఆ వెనుక మరొకటి. వరుసగా సి, సి, సి. ఇంతకు మించి ఏమీ లేదు. "ఇదేమి మాట సార్?" అని అమ్మాయి నిరాశగా అడిగింది. అది నిరాశపడవలసిన మాట కాదు. ఆ మాట అర్థం కావాలంటే ఇటువంటి యంత్రం ఎట్లు మేల్కొంటుందో తెలియవలె.

బూట్ అనే పదం బూటు పట్టీనుండి పుట్టింది. తన బూటు పట్టీలను తానే పట్టుకొని తనను తాను పైకి లేపుకొనడం దాని మూలార్థం. తన భుజం తానెక్కడం వంటి అసాధ్యకార్యమన్నమాట. యంత్రానికి నిజంగా ఆ ఇరకాటమే ఉన్నది. లినక్స్ ను మెమరీలోనికి తేవడానికి ఒక ప్రోగ్రాము కావలె. ఆ ప్రోగ్రామును మెమరీలోనికి తేవడానికి మరొకటి కావలె. ఈ చిక్కును అంచెలంచెలుగా విప్పినారు.

కృష్ణా డెల్టావారికి ఈ అంచెలు కొత్త కాదు. 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ నిలిచింది. అక్కడ ఆగిన నీరు పెద్ద తూములద్వారా ఏలూరు, రైవస్, బందరు కాలువలలోనికి, అక్కడినుండి లాకులు దాటి పిల్లకాలువలలోనికి, చివరకు బోదెల ద్వారా మడిలోనికి చేరుతుంది. ఏ అంచెకు ఆ అంచె తన తరువాతి అంచెకు మాత్రమే నీరందిస్తుంది. బోర్డులోనూ అంతే. మొదటి అంచె చిప్పులోనే చెక్కివేసిన చిన్న ప్రోగ్రాము. దానిని ఎవ్వరూ చెరపలేరు, మార్చలేరు. అది నిల్వలో వెదకి ఎం.ఎల్.ఓ. అనే రెండవ అంచెను తెస్తుంది. అప్పటికి 512 మెగాబైట్ల పెద్ద మెమరీ ఇంకా నిద్రలోనే ఉంటుంది. చిప్పులోని చిన్న మెమరీయే దిక్కు. కనుక ఈ రెండవ అంచె సుమారు నూరు కిలోబైట్లలో ఇమడవలె. పెద్ద మెమరీని నిద్రలేపడం దాని ముఖ్యకార్యం. పిదప యూ-బూట్ అనే అసలు బూట్ లోడర్ వస్తుంది. జర్మనీ దేశీయుడైన వోల్ఫ్‌గాంగ్ డెంక్ పెంచి పెద్దచేసిన ఈ ప్రోగ్రాముకు 2002లో ఈ పేరు స్థిరపడింది. యూ-బూట్ లినక్స్ కెర్నెల్ ను తెచ్చి దానికి పగ్గాలప్పగించి తప్పుకొంటుంది.

శివారు మడికి నీరందనప్పుడు మన రైతు కృష్ణానది ఎండిపోయిందని అనడు. గట్టు వెంబడి ఎగువకు నడిచి, ఏ లాకు దగ్గర నీరు ఆగిందో చూస్తాడు. సీరియల్ కన్సోల్ ఆ గట్టు వంటిది. ప్రతి అంచె తన పని మొదలుపెట్టగానే ఒక వాక్యం పలుకుతుంది. చివరి వాక్యం ఎక్కడ ఆగినదో, జబ్బు దానికి మరుసటి అడుగులోనే ఉన్నది.

ఇప్పుడు ఆ సి అక్షరానికి అర్థం తెలిసింది. చిప్పులో చెక్కిన మొదటి అంచె తన నిల్వలో వెదకింది. కార్డు కోసం చూచింది. ఎక్కడా రెండవ అంచె కనిపించలేదు. సగంలో ఆగిన చెరుపుడు పనిలో ఎం.ఎల్.ఓ. పోయింది. అప్పుడది తీగద్వారా మనలను అర్థిస్తున్నది: "నాకు రెండవ అంచె దొరకలేదు. మీ దగ్గరుంటే ఈ తీగలోనే పంపండి." వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో రూపొందించిన ఎక్స్-మోడెమ్ అనే ఫైలు పంపిణీ పద్ధతిలో, స్వీకరించేవాడు పలికే ఆహ్వానాక్షరమది. చచ్చిపోయిందని దుకాణంవారు చెప్పిన బోర్డు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఇదే అక్షరంతో సహాయం కోరుతూనే ఉన్నది. వినే తీగ లేకపోవడమే లోపం.

ఆపై పని సులువైంది. మంచి ప్రతి ఉన్న చిన్న కార్డును బోర్డులో పెట్టి, కార్డుకు దగ్గరగా ఉన్న మీటను నొక్కి పట్టుకొని కరెంటు ఇస్తే, బోర్డు తన లోపలి నిల్వను వదలి కార్డునుండి లేస్తుంది. అట్లే లేచింది. తెరపై ఎం.ఎల్.ఓ. పలికింది; యూ-బూట్ పలికింది. ఈసారి యూ.పి.ఎస్. ఆధారంతో, మధ్యలో కరెంటు పోయే అవకాశం లేకుండా, లోపలి నిల్వకు లినక్స్ ను తిరిగి ఎక్కించారు. అమ్మాయి తాను భద్రపరచుకొన్న పాత అమరికల చీటీని కూడా అందులో చేర్చింది. కార్డు తీసివేసి కరెంటు ఇచ్చారు. యూ-బూట్ వచ్చింది. "కెర్నెల్ ను ప్రారంభిస్తున్నాను" అనే అర్థంగల ఇంగ్లీషు వాక్యం వచ్చింది. ఆ తరువాత నిశ్శబ్దం.

ఐదు నిమిషాలు కూర్చున్నాము. ఒక్క అక్షరం రాలేదు. కాని బోర్డు మీది నాలుగు నీలిదీపాలలో ఒకటి గుండె కొట్టుకొన్నట్లు రెండేసి మారులు మినుకుమంటున్నది. ఆ దీపాన్ని వెలిగించేది కెర్నెలే. కెర్నెల్ లేవకపోతే ఆ మినుకు లేదు. అంటే యంత్రం లేచింది, నడుస్తున్నది, మాట్లాడుతూ కూడా ఉండవచ్చును. మనకు మాత్రం వినబడడం లేదు. మరి ఎవరితో మాట్లాడుతున్నది?

చీటీ తెరచి చూస్తే గుట్టు బయటపడింది. కెర్నెల్ తన మాటలను ఏ ద్వారానికి పంపవలెనో బూట్ లోడర్ చెప్పవలసి ఉంటుంది. పాత కెర్నెల్ లో ఈ బోర్డు సీరియల్ ద్వారం పేరు టి.టి.వై. పక్కన ఇంగ్లీషు ఓ అక్షరం, దాని పక్కన సున్న. క్రొత్త కెర్నెల్ లో ఆ ద్వారాన్ని నడిపే భాగం మారింది. దానితో ఓ అక్షరం పోయి ఎస్ అక్షరం వచ్చింది. పాత చీటీలో పాత పేరే ఉన్నది. వీధి పేరు మారిన తరువాత పాత చిరునామాకు ఉత్తరాలు వ్రాసినట్లు, కెర్నెల్ తన మాటలన్నింటినీ లేని ద్వారానికి పంపుతున్నది. ఓ అక్షరమూ సున్నా పక్కపక్కన గుండ్రంగా కూర్చొని ఉన్నందువలన ఆ తేడా కంటికి ఆనలేదు. ఛందస్సులో ఒక్క లఘువు తప్పితే పద్యం నడక చెడుతుందని చెప్పే మాకు, ఒక్క అక్షరం తప్పితే యంత్రం మూగదవడం వింతగా తోచలేదు.

మా మిత్రులు వెంటనే చీటీని దిద్దలేదు. ఆయన పద్ధతి గమనించదగినది. యూ-బూట్ రెండు సెకనులు ఆగి, ఏదైనా మీట నొక్కితే ఆగిపోతుంది. అక్కడ ఆపి, ఆ ఒక్కమారుకు చేతితో క్రొత్త పేరు ఇచ్చి నడిపించి చూచారు. తెరపై వాక్యాలు గోదారి వరదవలె దిగివచ్చాయి. చివరకు పేరు చెప్పమని అడిగే ఆహ్వానం నిలిచింది. నిజమని తేలిన తరువాతనే చీటీ శాశ్వతంగా దిద్దారు. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెనన్నది ఆయన నియమం. రెండు మార్పులు ఒకేమారు చేస్తే ఏది మందో, ఏది విషమో తెలియదంటారు.

బోర్డు బాగుపడింది గాని, మొట్టమొదటి ప్రశ్న అట్లే మిగిలి ఉన్నది. కొన్ని రాత్రులు అది చెరువు దగ్గర ఎందుకు లేవలేదు? మా ప్రయోగశాలలో ఇరవైమార్లు కరెంటు తీసి ఇచ్చినా ఇరవైమార్లూ లేచింది. జబ్బు బోర్డులో కాక స్థలంలో ఉన్నదన్నమాట. ఒక ఆదివారం పెడన మీదుగా కృత్తివెన్ను ప్రాంతానికి మేమందరమూ వెళ్ళాము. ఆ అమ్మాయి తండ్రిగారు, "రండి మాస్టారూ, మా అమ్మాయి మిమ్మల్ని కూడా చెరువు దాకా లాక్కొచ్చింది" అని నవ్వుతూ ఆదరించారు. "చెరువు చూడకుండా చెరువు గురించి ఎట్లా వ్రాస్తాం భాయ్!" అన్నాము.

గట్టుమీద పెద్ద మీట దించి ఎత్తగానే ఏరియేటర్ల మోటార్లన్నీ ఒక్కమారుగా గర్జించాయి. బోర్డు లేవలేదు. లాప్‌టాప్ కలిపి ఎంటర్ నొక్కితే తెరపై => అనే గుర్తు వచ్చింది. అది యూ-బూట్ ఆజ్ఞకోసం వేచివుండే గుర్తు. ఎవరో మీట నొక్కితేనే గాని అది అక్కడ ఆగదు. మీట నొక్కినవారెవ్వరూ లేరు. ఇంతలో మా మిత్రుల చూపు పెట్టెనుండి క్రిందికి వేలాడుతున్న సన్నని తీగపై పడింది. మళ్ళీ మళ్ళీ తగిలించే శ్రమ తప్పుతుందని కన్సోల్ తీగను ఒక కొస బోర్డుకే వదలివేశారు. రెండవ కొస దేనికీ తగలకుండా మోటారు తీగల పక్కన వేలాడుతున్నది. ఎవ్వరికీ కట్టుబడని వినే తీగ గాలిలోని రొదనంతా పట్టుకొంటుంది. మోటార్లు మొదలయ్యే వేళా, యూ-బూట్ ఎదురుచూచే రెండు సెకనులూ ఒక్కటైన రాత్రి ఆ రొదయే మీట నొక్కుడుగా వినబడింది. యంత్రం విధేయంగా ఆగి, రాని ఆజ్ఞకోసం తెల్లవారేదాకా నిలిచిపోయింది. రెండు వేళలూ కలవని రాత్రి మామూలుగా లేచింది. ఇదీ ఆ రహస్యం.

చికిత్స రెండు విధాల జరిగింది. వేలాడే తీగను తీసివేశారు. పైగా యూ-బూట్ ను తిరిగి కూర్చి, ఏ మీట పడితే ఆ మీటకు కాక ఒక నిర్ణీతమైన పదం పూర్తిగా వచ్చినప్పుడే ఆగేటట్లు చేశారు. తలుపు మూసివేయలేదు, తాళంచెవి ఉన్నవానికే తెరుచుకొనేటట్లు అమర్చారు. రొదకు పదాలు రావు గదా! మరల పదిమార్లు మీట దించి ఎత్తారు. పదిమార్లూ లేచింది.

ఇక మా వంతు మిగిలింది. ఒకే కాగితం మీద, తండ్రిగారికి పనికివచ్చే మాటలలో సూచనలు వ్రాశాము. తెరపై ఏమీ రాకపోతే తీగలు తారుమారైనవేమో చూడండి. పిచ్చిగీతలు వస్తే వేగం చూడండి. సి, సి అని వస్తే బోర్డు బ్రతికే ఉన్నది, కార్డు పెట్టండి. => వచ్చి ఆగితే ఎవరో పిలిచారని భ్రమపడింది, కరెంటు తీసి ఇవ్వండి. నీలిదీపం రెండేసి మారులు మినుకుతుంటే కంగారు పడవద్దు. ఈ వాక్యాలలో పాండిత్యమేమీ లేదు. కాని ఎమ్.ఏ. పట్టా పుచ్చుకొన్న తరువాత మేము వ్రాసిన వాటిలో ఇంత శ్రద్ధగా చదివిన పాఠకుడు మరొకరు లేరు. ఆయన ప్రతి వాక్యాన్నీ వ్రేలితో చూపి అర్థమడిగారు.

అమ్మాయికి మరొక కోరిక మిగిలింది. యంత్రం లేవగానే పలికే మొదటి పలుకు తెలుగులో ఉండవలెనన్నది. లినక్స్ పేరు అడిగేముందు ఒక స్వాగత వాక్యం పలుకుతుంది. అందులో ఏ భాషైనా ఉంచవచ్చును. తెలుగు లిపి 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే స్థానం పొందింది. లినక్స్ పుట్టినదీ ఆ సంవత్సరమే. స్వేచ్ఛ సంస్థవారు లినక్స్ ను తెలుగులోనికి తెచ్చే కృషి చేసి ఉన్నారు. అయితే కన్సోల్ తెర టెలిటైపు వారసురాలు. ప్రతి అక్షరాన్నీ ఒకే కొలత గదిలో కూర్చుండబెడుతుంది. ఒత్తులున్న మాటలు అక్కడ చెదిరిపోయాయి. అందుచేత ఒత్తు లేని మాటను వెదకి "లేచాను" అని పెట్టాము. అచ్చులూ హల్లులూ విడదీస్తే ఆరు సంకేతాలు, ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. ఆ తీగ వేగానికి ఒక్క సెకనులో 640 మార్లు "లేచాను" అనగలదు. ఒక్కమారు అంటే చాలును. అవతల గట్టున ఒక ఇల్లు నిశ్చింతగా నిద్రపోతుంది.

మా తరగతులలోనూ ఇటువంటి బోర్డులున్నవని ఈ అనుభవం తరువాత మాకు తోస్తున్నది. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, పరీక్షలో మరొక భాషగా పెరిగివచ్చిన పిల్లలు వెనుక బల్లలపై నోరు మెదపక కూర్చొంటారు. కొందరికి మన వేగం అందలేదు. కొందరి మాట మనకు చేరని ద్వారానికి వెళ్ళిపోతున్నది. కొందరు ఏనాటి రొదనో ఆజ్ఞగా భావించి అక్కడే ఆగిపోయారు. మరికొందరు ఒకే అక్షరంతో సహాయం అడుగుతూనే ఉన్నారు. పాఠం రాలేదని తీర్పు చెప్పేముందు ఎక్కడివరకు పలికారో, ఏ మాట దగ్గర ఆగారో వినడం ఉపాధ్యాయుని ధర్మం. అదే విధంగా, తాను ఎక్కడ ఆగినదీ చెప్పడం విద్యార్థి ధర్మం. ఆగడం నేరం కాదు. ఆగిన చోటు చెప్పకపోవడమే నష్టం.

మా సూచనల పత్రం ప్రతి ఒకటి ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో ఒక నోటుపుస్తకంలో అతికించబడి ఉన్నది. దానికి పెన్సిలు కట్టి ఉంచారు. తమ బోర్డు ఎక్కడ మూగబోయినదో, ఏ మాటతో తిరిగి పలికినదో తరువాతి విద్యార్థులు అందులో వ్రాస్తున్నారు. మొన్న చూచినప్పుడు రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకరు తన అనుభవాన్ని ఉర్దూలో, పుట కుడి అంచునుండి మొదలుపెట్టి వ్రాసి ఉన్నది. దాని క్రింద మరొకరు దాని సారాంశాన్ని తెలుగులో చేర్చారు. ఆ పుస్తకం త్వరగా నిండవలెనని మా ఆకాంక్ష.